దోమ దూరని వల

ప్రియమైన చిన్నోడికి,

అక్క ఆశీస్సులు. ఫోన్ చేస్తే అరుస్తాను, అరిస్తే ఏడుపొస్తుంది, ఏడిస్తే నువ్వు ఫోన్ పెట్టేస్తావు. అందుకే కాగితం పట్టుకున్నాను. కాగితం మీద ఎంత అరిచినా పక్కింటివాళ్ళకి వినపడదు.

పెద్ద రేవుకి బదిలీ చేయించుకుని వెళ్ళిపోయావని రేవు గుమాస్తా చెబితే తెలిసింది. సొంత అక్కకి చెప్పడానికి నోరు రాలేదు గానీ, మీ బావ వల కోయడానికి మాత్రం చెయ్యి బాగానే వచ్చింది. కోయడం తప్పని నేను అనడం లేదు. నీ కొలత రేకు వల కన్నులో దూరాలి, దూరలేదు. పిల్లచేపలు తప్పించుకుని పోవాలంటే కన్ను పెద్దగా ఉండాలి, అది నియమం. వలలు కొలిచే ఇన్‌స్పెక్టర్ అక్కని, నాకామాత్రం తెలియదా? కానీ ఆ వల అల్లింది నేను. వానాకాలమంతా గుమ్మంలో కూర్చుని ఒక్కో ముడీ వేసుకొచ్చాను. రేవంతా చూస్తుండగా కత్తి పెట్టావే, పెట్టేముందు ఒక్కసారి నా మొహం చూసి ఉంటే బాగుండేది.

అది చాలదన్నట్టు, మా వలల షెడ్డుకొచ్చి బద్దలన్నీ గోనెసంచిలో వేసుకుపోయావు. కన్నులన్నీ ఒకే కొలతలో రావడానికి నూలు చుట్టే చెక్కముక్కలు, వాటిమీద కూడా నీ కోపమేనా? మా మేస్త్రమ్మ బద్ద వాళ్ళమ్మ వాడినది. నువ్విచ్చిన కొత్త వెడల్పు బద్ద చేతిలో పట్టట్లేదని రోజూ నిన్ను తలుచుకుంటోంది. నీ పేరు తనకిప్పుడు 'రేకుగారు'.

మీ బావ నీ పేరెత్తడం లేదు. 'మీ ఇంటి ఆఫీసరు' అంటున్నారు. కొత్త బద్దతో నేను ఇంకో వల అల్లిపెట్టాను. అది అటక మీదే ఉంది. ఆయన మాట యథాతథంగా రాస్తున్నాను: "హద్దు దాటొచ్చి ఆ పెద్ద దేశం ఓడలు మన నీళ్ళలోనే నిలబడి ఉన్నాయి. వాటి వలల్లో దోమ కూడా దూరదు. పెద్ద చేపలన్నీ వాళ్ళు ఎత్తుకుపోతే మనకి మిగిలినవి చిన్నవే కాబట్టే కన్ను చిన్నదైంది. వాళ్ళ వల కొలిచిన రోజు నా వల నీళ్ళలో దింపుతాను. అప్పటిదాకా దింపను. మీ ఇంటి ఆఫీసరుకి చెప్పు."

చెప్పాను. ఆయన వేరేవాళ్ళ పడవలకి రంగులేస్తూ తిరుగుతున్నారు. సొంత పడవ ఒడ్డున ఎండకి నెర్రెలిస్తోంది.

నీ మీద కోపంతో, అయినా నీ అక్క.

*

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపమొచ్చింది, రెండోసారి ఆకలి చచ్చిపోయింది.

నీ మొహం ఎందుకు చూడలేదంటావా? చూస్తే కోయలేను కాబట్టి. బావ వల వదిలేస్తే ఆ మర్నాడు ఎవరి వల కొలుస్తాను? 'అక్క మొగుడికో నియమం, మాకో నియమమా' అని రేవంతా మొహం మీదే అడుగుతారు. అప్పుడు నేను ఉద్యోగం మానుకోవాలి. చెప్పకుండా రావడం మాత్రం పిరికితనమే, ఒప్పుకుంటున్నాను.

బావకి చెప్పు. ఈ నియమం మనమొక్కళ్ళం పెట్టుకున్నది కాదు. దేశాలన్నీ కూర్చుని సంతకాలు చేశాయి. అసలు రాసిందే ఆ పెద్ద దేశంవాళ్ళు. నా కొలత రేకు కూడా వాళ్ళు చేయించి పంచిందే, దాని మీద వాళ్ళ ముద్ర ఉంటుంది. అంత చేసినవాళ్ళు తమ వల దాచుకుంటారా? నేనిక్కడికి అడిగి వచ్చిందే పెద్ద ఓడలు ఆగే రేవు కాబట్టి. ఈ నెలలో వాళ్ళ ఓడ ఒకటి నీళ్ళకీ డీజిలుకీ వస్తోంది. నిచ్చెనెక్కి నేనే కొలుస్తాను. పెద్ద ఓడైనా చిన్న పడవైనా రేకు ఒక్కటే.

బద్దల సంచి ఇక్కడే నా బీరువా కింద ఉంది. మేస్త్రమ్మ బద్ద విడిగా గుడ్డలో చుట్టి పెట్టాను. తిరిగివ్వడానికి వీల్లేదు, కానీ పొయ్యిలో మాత్రం వెయ్యలేదని చెప్పు.

అటక మీద వల దులిపి ఉంచు. త్వరలోనే కబురు చేస్తాను.

నీ చిన్నోడు.

*

ప్రియమైన చిన్నోడికి,

త్వరలో కబురు చేస్తానన్నావు. నెల దాటిపోయింది. ఓడ వచ్చి వెళ్ళిందని గుమాస్తా అంటున్నాడు. మీ బావ ఏమీ అడగరు. కానీ పోస్టుమాన్ సైకిలు సందు మలుపు తిరగ్గానే రంగు డబ్బా కిందపెట్టి చేతులు తుడుచుకుంటున్నారు. మన ఇంటిముందు ఆగకుండా పోతే మళ్ళీ డబ్బా తీసుకుంటున్నారు.

నిన్న అటక మీద వల నేను దులుపుతుంటే ఒక చివర పట్టుకున్నారు కూడా. కొలిచావా? ఒక్క ముక్క రాయి. ఒంట్లో బాగానే ఉందా?

అక్క.

*

ప్రియమైన అక్కా,

ఒంట్లో బాగానే ఉంది. బుర్రలోనే బాగా లేదు. ఇది నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఎక్కడ మొదలుపెట్టినా నేనే వెధవనవుతున్నాను.

ఓడ వచ్చింది. నిచ్చెనెక్కాను. పైన వల కుప్పగా పోసి ఉంది, మన ఇల్లంత ఎత్తు. వాళ్ళ ఆఫీసరు కుర్చీ వేసి టీ ఇచ్చాడు. మర్యాదస్తుడు, నాకంటే చిన్నవాడు. అతను ఏవో కాగితాలు వెతుకుతుంటే నేను లేచి చేపలు పోగయ్యే వల చివరి సంచి దగ్గరికెళ్ళి రేకు పెట్టాను. మొదట్లోనే ఆగిపోయింది అక్కా. బావ వలలో సగం దాకానైనా వెళ్ళింది. ఇంకో కన్నులో పెట్టాను, ఇంకో దాంట్లో పెట్టాను. అన్నిట్లోనూ అంతే.

అతను వచ్చి నా చేతిలో రేకు చూసి నవ్వాడు. వెటకారంగా కాదు, ముచ్చటగా. "ఇది మా దేశంలో చేసిందే! చాలా మంచి నియమం, అందరూ పాటించి తీరాలి. మా ఓడలకి మాత్రం వర్తించదు" అన్నాడు. ఎందుకని అడిగాను. ఆ ప్రశ్న తననెవరూ ఎప్పుడూ అడగలేదన్నట్టు చూశాడు. కోప్పడలేదు, బెదిరించలేదు. నిజంగానే అర్థంకానట్టు చూశాడు. ఈలోగా మా పైఆఫీసరు ఫోను. దిగి రమ్మన్నారు.

దిగి వచ్చాను. "మీరు ఎక్కారు, టీ తాగారు, వచ్చేశారు. కొలవలేదు" అన్నారు మా సారు. కొలిచానండీ అన్నాను. "కొలవలేదు" అని మళ్ళీ అన్నారు, ఈసారి నెమ్మదిగా. ఆయన చెడ్డవారు కాదు. మన చేపలు కొనేది వాళ్ళేనట, మన పడవలకి డీజిలు ఇచ్చేదీ వాళ్ళేనట. మనం నియమం తప్పితే మన చేపలు కొనడం మానేస్తారట. వాళ్ళు తప్పితే ఎవరు ఏం మానేస్తారని అడిగితే, "ఇంటికెళ్ళి పడుకోండి" అన్నారు.

ఇప్పుడు నాకేమీ అర్థం కావడం లేదు. నియమం తప్పా? పిల్లచేపలు బతకొద్దా? బతకాలి. అయితే బావ వల కోయడం ఒప్పే. మరి ఒప్పు పనే చేస్తే ఇంత సిగ్గెందుకు? బావ వల కోసిన కత్తి ఇంకా నా జేబులోనే ఉంది. ఓడ మీద అదే జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. ఒళ్ళు మండిపోయింది అక్కా. వాళ్ళ మీదా, మా సారు మీదా, అన్నిటికంటే నా మీద.

బావకి చెప్పకు. రాజీనామా రాసి పెట్టుకున్నాను. జీతం అందగానే ఇచ్చేస్తాను.

చిన్నోడు.

*

ప్రియమైన చిన్నోడికి,

బావకి చెప్పకు అంటే నేనెప్పుడైనా చెప్పకుండా ఉన్నానా? ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. నవ్వుతారనుకున్నాను, తిడతారనుకున్నాను. కంచం పక్కకి జరిపి, "ఎక్కాడా నిచ్చెన?" అన్నారు. ఎక్కాడన్నాను. "రేకు పెట్టాడా?" పెట్టాడన్నాను. "ఊఁ" అన్నారు. అంతే. ఆ 'ఊఁ'కి అర్థం నాకు తెలియలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వినని రకం.

ఇక అసలు సంగతి. ఏం చేయాలో తోచక నిన్నడుగుతున్నాను. అదే ఓడ మన వైపొచ్చి మునిగిన పాత ఓడ మీద వల ఈడ్చింది. చివరి సంచి పూర్తిగా చిరిగిపోయింది. మన రేవులో లంగరేసి, సంచి మొత్తం కొత్తగా అల్లమని మా షెడ్డుకి పని అప్పజెప్పారు. వల షెడ్డులో పట్టక వీధిలో సగం దాకా పరిచి ఉంది. పని లేక ఖాళీగా ఉన్న ఆడవాళ్ళందరం ఎగిరి గంతేశాం. ఇంటికొచ్చి చెప్తే మీ బావ మండిపడ్డారు. "నీ చేత్తో అల్లిన వల కోశారు. ఇప్పుడు అదే చేత్తో ఆ వలకి ముడేస్తావా?" అన్నారు. వెళ్ళకపోతే మేస్త్రమ్మకి మొహం చూపించలేను, వెళ్తే ఈయన మాట్లాడరు.

వెళ్ళనా, మాననా? వెంటనే రాయి.

అక్క.

*

ప్రియమైన అక్కా,

వెళ్ళు. ఆ ఓడ ఎక్కి టీ తాగి వచ్చినవాణ్ణి, నిన్ను వద్దనే మొహం నాకెక్కడిది? నీది చేతిపని. అడిగినవాళ్ళకి చేసిస్తావు. పాపం ఏదైనా ఉంటే వల దింపేవాళ్ళది. బావ కోపం నా మీద వేసెయ్. ఇప్పటికే ఉన్న మోపు మీద ఇంకొకటి, నాకేం బరువు కాదు.

నేను రేకు బయటికి తీసి చాలా రోజులైంది. పొద్దున పడవలు వస్తాయి, చూడనట్టు ఊరుకుంటున్నాను. ఇక్కడి జాలర్లు కూడా 'రేకుగారికి జ్వరమా' అని అడుగుతున్నారు. జీతం రోజు దగ్గరపడింది. ఆ తర్వాత మనూరొచ్చేస్తాను. బావ రానిస్తే పడవలకి రంగులేస్తాను.

చిన్నోడు.

*

ప్రియమైన చిన్నోడికి,

ఇది అందేలోగా రాజీనామా ఇచ్చేస్తే నిన్ను చంపేస్తాను. ముందు చదువు.

వెళ్ళాను. మొదటిరోజు పని మొదలెట్టే ముందు మేస్త్రమ్మ ఓడ మనిషిని అడిగింది, "ఏ బద్దతో అల్లమంటారు బాబూ?" అని. అతను వాచీ చూసుకుని, "మీరెప్పుడూ వాడేదానితోనే" అన్నాడు. కూర్చున్నాం. ఎవరి బద్ద వాళ్ళం తీశాం. చిన్నోడా, మా దగ్గరున్న బద్దలేవి? పాతవన్నీ నీ బీరువా కింద ఉన్నాయి. ఊరు మొత్తం వెతికినా నువ్విచ్చిన ఆ వెడల్పు బద్దలే.

నాకు అప్పుడు తట్టలేదు, ఒట్టు. చేతులు అలవాటుగా పోతుంటాయి, కబుర్లలో ఉంటాం. సంచి సగమయ్యాక తాడుకి వేలాడదీస్తే కన్నుల్లోంచి అవతలి గోడ కనిపించింది. కన్నులో వేళ్ళు పెట్టి చూశాను. మేస్త్రమ్మ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసి, "అడిగాం కదే, చెప్పాడు కదా" అని మళ్ళీ తల వంచుకుంది. ఆ తర్వాత ఎవరూ కబుర్లు చెప్పుకోలేదు, పాటలు పాడలేదు. కానీ ఎవరి చెయ్యీ ఆగలేదు. మోసం చేస్తున్నామా, నియమం పాటిస్తున్నామా? నాకిప్పటికీ తెలియట్లేదు. రాత్రి పడుకుంటే భయమేసింది, పొద్దున లేస్తే నవ్వొచ్చింది.

ఆఖరిరోజు మీ బావ షెడ్డుకొచ్చారు, నన్ను లాక్కుపోదామనే వచ్చారు. గుమ్మంలోనే వల తగిలింది. ఊరికే వేళ్ళు పెట్టారు. వేళ్ళు దూరాయి. ఇంకోచోట పెట్టారు. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి, ప్రతి నాలుగడుగులకీ ఆగి పెట్టి చూశారు. వచ్చి నా పక్కన కూలబడి, సూదికి నూలు చుట్టి అందించడం మొదలుపెట్టారు. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు, తల ఎత్తితే కదా.

సాయంత్రం ఓడ మనిషి వచ్చి ముడులు లాగి చూశాడు. గట్టిగా ఉన్నాయని మెచ్చుకున్నాడు. కన్ను కొలవలేదు. నువ్వు తప్ప వాళ్ళ వల ఎవరూ ఎప్పుడూ కొలవలేదు కదా, కొలవాలని అతనికి తోచనే లేదు. మర్నాడు వెళ్ళిపోయారు. మిగతా ఓడలు ఇంకా అక్కడే ఉన్నాయి, వాటి సంగతి నాకు తెలియదు. ఈ ఒక్కటీ వల పైకి లాగిన రోజు మాత్రం అందులో పిల్లచేపలు ఉండవు.

అప్పుడు వాళ్ళు ఊరుకోరు. గుమాస్తాని మెల్లగా అడిగాను, వల బాగా లేదని ఓడవాళ్ళు ఎవరికి ఫిర్యాదు చేస్తారని. "పెద్ద రేవు ఇన్‌స్పెక్టరుకే, ఇంకెవరికి" అన్నాడు. అంటే నీకే. 'మా వల కన్ను నియమం ప్రకారం ఉంది, మాకు అన్యాయం జరిగింది' అని ఆ మర్యాదస్తుడు నీ ఎదురుగా కూర్చుని తన చేత్తో రాసివ్వాలి. ఆ రోజు ఆ కుర్చీలో ఇంకెవరైనా ఉంటే ఏం చేస్తారో నాకు తెలుసు. నువ్వుంటే ఏం చేస్తావో తెలియదు. ఆ తెలియకపోవడమే నాకు కాస్త ధైర్యంగా ఉంది. రాజీనామా చింపెయ్. అతను వస్తే టీ ఇవ్వు.

ఇంత పొద్దున్నే ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, అటక మీద వల లేదు. నిన్న నెర్రెలు పూడ్చి పెట్టుకున్న పడవా ఒడ్డున లేదు. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, నీకు రాయమని మీ బావ ఒక మాట చెప్పారు:

"సెలవు పెట్టి రమ్మను. రేకు తెచ్చుకోమను. వల నేను పట్టుకుంటాను."

నీ అక్క.