తలల్లేని పదకొండుమంది

బుడ్డోడా, ఈ కాగితంలో వారసుడు అనే చోట నీ పేరు ఉండాల్సింది. లేదు. అందుకని మొదటి మాటగా నిన్ను పిలుచుకుని, మిగిలినవాళ్ళకు రాస్తున్నాను.

పాకాలలో ఉంటున్న చంద్రకాంతమ్మ అనే నేను, కీ.శే. మోహన్ భార్యను, యాభై తొమ్మిదేళ్ళదాన్ని, ఐదో తరగతి దాకా చదివినదాన్ని, ఎవరి బలవంతమూ లేకుండా, తెలివి సరిగ్గా ఉండగా రాసుకున్న వీలునామా ఇది. గుండెకు స్టెంటు వేశారు గానీ బుర్రకు ఏమీ కాలేదని డాక్టరే అన్నాడు.

నా చేత్తో ఎందుకు రాస్తున్నానంటే, రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూర్చునే రాతగాడు నా కొడుకు బొమ్మల్ని రాయనన్నాడు. "ఇల్లు చెప్పు, నగలు చెప్పు. బొమ్మలు యాడన్నా ఆస్తి అవుతాయా అమ్మా?" అని నవ్వాడు. పక్కన టీ తాగుతున్నవాడు కూడా నవ్వాడు. లేచి వచ్చేశాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

1. ఈ వీలునామాను అమలు చేయాల్సింది మునిచంద్ర. సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో నా కొడుకు, నా బుడ్డోడు గిరిప్రసాద్‌తో పనిచేసినవాడు, ఒకే గదిలో ఉండి వాడితో కలిసి బొమ్మలు చేసినవాడు. రెండేళ్ళ కిందట కార్తీకంలో, ముప్ఫై ఒకటో ఏట, నాలుగు రోజుల జ్వరంతో గిరి పోయినప్పుడు ఆస్పత్రిలో నా పక్కన ఉన్నదీ ఇతనే.

2. ఈ ఇల్లు మా నాయన నాకు రాసిచ్చింది. నా మరిది యోగానందకు ఇందులో గోడకు కొట్టిన మేకు మీద కూడా హక్కు లేదు. ఇల్లు ఆయన కూతురు మహితకు ఇస్తున్నాను. మహితా, మీ నాయన అడిగినా అమ్మొద్దు. నా కమ్మలు, గాజులు కూడా నీకే. బీరువాలో దాచొద్దు, పెట్టుకుని తిరుగు.

3. గిరి పనిముట్లు, అంటే చిన్న కత్తులు, చేతి డ్రిల్లు, భూతద్దం దీపం, వెంట్రుకంత కుంచెలు, అన్నీ మునిచంద్రకు. నా కుట్టుసూదులు కూడా ఆ పెట్టెలోనే ఉన్నాయి. బొమ్మల తుపాకులకు గొట్టాలు చేయడానికి ఎత్తుకుపోయి, అడిగితే "నేను చూడనే లేదు మా" అనేవాడు. అవీ అక్కడే ఉండనీ.

4. ఇక బొమ్మలు. అందరూ ఆటబొమ్మలంటారు గనక వివరంగా రాస్తున్నాను. గిరి కొన్నవి ఆటబొమ్మలే. బల్ల మీద యుద్ధం ఆట ఆడేవాళ్ళు అటూ ఇటూ జరిపే సైనికులు, బొటనవేలంత ఉంటారు. దూరం నుంచి కనబడాలని వాటికి తల పెద్దది, చేతులు లావు, తుపాకీ రోకలిలా ఉంటుంది. "ఇవి ఆడుకునేదానికి మా. నాకు నిజం మనిషి కొలత కావాల" అని వాడు ఆ తలలు కోసేసేవాడు. తుపాకీ చెక్కి సన్నం చేసేవాడు. కలిపితే రాయిలా గట్టిపడే రెండు రంగుల ముద్దను చపాతీ పిండిలా పిసికి చొక్కాకు మడతలు పెట్టేవాడు. మాత్రల అట్ట మీది రేకు కత్తిరించి బెల్టులు చేసేవాడు. ఒక గుర్రానికి చెవులు సాగదీసి కంచరగాడిదను చేశాడు. ఇంటికొచ్చిన ఆదివారమంతా ఒక్క మడత కోసం పోగొట్టేవాడు. పిలిచి పిలిచి నా గొంతు పోయేది, అన్నం చల్లారిపోయేది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వాడు చేసింది మా తాత మునస్వామి దళాన్ని. బర్మా యుద్ధంలో కంచరగాడిదల మీద మందుగుండు మోసినవాళ్ళు. పదకొండుమంది, ఒక కంచరగాడిద ఉన్న ఫోటో ఇంట్లో ఉంది. అందులో తాత ముఖం ఒక్కటే చెమ్మకు చెరిగిపోయింది. నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, నా దవడా నా ముక్కూ చూస్తూ తాత ముఖం చేశాడు. మెంతిగింజంత తల, దానికి తలపాగా.

5. ఈ సంగతి రాయడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

పెద్దకర్మనాడు యోగానంద ఈ ఇంట్లో గిరి గదిలో ఒక డబ్బా మూత తీసి, కోసేసిన తలలు చూశాడు. "వదినా, తలకాయలు నరికి ఇంట్లో పెట్టుకుంటే ఇంకేమయితాది? ఇదే బిడ్డను తినేసింది. ముందు దీన్ని యాడన్నా పారెయ్" అన్నాడు. ఇప్పుడు అదే మనిషి, చెన్నైలో ఇలాంటి బొమ్మలకు బహుమతులిస్తారని ఎవరో చెప్పగానే, తన హాల్లో అద్దాల బీరువాలో పెట్టుకుంటానని కబురు మీద కబురు పంపుతున్నాడు. ఒక్క బొమ్మ కూడా ఆయన గడప దాటకూడదు.

ఆయన్ను ఎంత తిట్టినా, పారేసింది నేనే. మర్నాడు బస్సెక్కి స్వర్ణముఖి వంతెన దగ్గర దిగి డబ్బా విసిరాను. ఏట్లో నీళ్ళు కూడా లేవు. ఇసుక మీద పడింది, పైనుంచి కనబడుతూనే ఉంది. దిగి తెచ్చుకోవచ్చు. తెచ్చుకోలేదు. నా బిడ్డను తిన్నదని దాని మీద కసి.

మూడు వారాలకు మునిచంద్ర వచ్చి, "అమ్మా, తలల డబ్బా యాడుండాది?" అని అడిగాడు. గిరి కొత్త తలలకు విడిగా రంగు వేసి, అన్నీ అయ్యాక ఒకేసారి అతికిద్దామని అదే డబ్బా అడుగున దూదిలో పెట్టుకున్నాడట. పదకొండూ. తాతది కూడా. డబ్బాలో ఉన్నవన్నీ వాడు కోసేసిన తలలే అనుకున్నాను నేను. మర్నాడే వంతెన దగ్గరికి పరిగెత్తాను. అప్పటికి తుపాను వాన పడి ఏరు నిండుగా పారుతోంది.

మునిచంద్రకు మాత్రం తెలియదన్నాను. "మీ గదిలో చూడు నాయనా" అన్నాను. పాపం, గదంతా తిరగేశాడు. అంతకుముందు ఆ గదిలో ఉండి వెళ్ళినవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. "గిరి చేసినవి దొరికేదాకా వేరే తలలు పెట్టనమ్మా" అంటాడు. నెలనెలా ఫోను చేసి "ఏమన్నా అగుపడినాయా మా?" అని అడుగుతాడు. లేదు నాయనా అంటాను. రెండేళ్ళుగా ఇదే అబద్ధం.

6. పదకొండు బొమ్మలు, కంచరగాడిద, ఆ ఫోటో మునిచంద్రకు ఇస్తున్నాను. మునిచంద్రా, వెతకడం మానెయ్యి. కొత్త తలలు నువ్వు చెయ్యి. గిరి చేసినట్టు రావని భయం వద్దు. రావు. నీ చేతికి వచ్చినట్టే ఉండనీ. అడుగు చెక్క మీద ఇద్దరి పేర్లూ రాయి.

7. ఈ కవరు నేను పోయాకే విప్పాలని మొదట అనుకున్నాను. అలాగైతే నేను బతికినన్నాళ్ళూ అతను వెతుకుతూనే ఉంటాడు, నేను లేదంటూనే ఉంటాను. ఇక నా వల్ల కాదు. నకలు ఒకటి రేపే మునిచంద్రకు పోస్టు చేస్తున్నాను. ఇల్లు, నగలు నా తర్వాత. బొమ్మలు మాత్రం ఇప్పుడే తీసుకుపోవచ్చు. రానంటే, రమ్మని అడిగే మొహం నాకు లేదు.

పాకాల, 2025 నవంబరు 16, ఆదివారం.

(సంతకం) చంద్రకాంతమ్మ

సాక్షులు:
శకుంతలమ్మ, ఎదురింటి ఆమె
మునిరామయ్య, రైల్వేలో రిటైరైన పాయింట్స్‌మన్

మునిచంద్రా, వాళ్ళు సంతకాలు పెట్టి వెళ్ళాక ఇంకో ముక్క రాస్తున్నాను. మొన్న వీడియో కాల్లో నీ బుగ్గలు లోపలికి పోయి కనబడ్డాయి. ఇది చదివి నా మీద కోపం వస్తే రానీ, తిట్టు. ఆ కోపం అన్నం మీద చూపించొద్దు. రోజూ కడుపు నిండా తిను.