బాపుకు లైసెన్స్

కరీంనగర్,
జూలై 6

ప్రియమైన బాపుకు,

నేను బాగున్నాను. హాస్టల్ పప్పు మాత్రం ఇంకా నీళ్లలాగే ఉంది. అవ్వకు చెప్పకు, తల్లి ప్రాణం ఊరుకోదు, మళ్లీ తొక్కు పచ్చడి డబ్బా పట్టుకొని బస్టాండుకు పరుగెత్తుతుంది.

పోస్టు డబ్బా ఎక్కడుందని అడిగితే మా గదిలో పిల్లలు పడీపడీ నవ్వారు. ఏం చేయను? ఫోన్ చేస్తే నీకు సిగ్నల్ ఉండదు, మెసేజ్ పెడితే చూడవు. కాగితం మీద రాస్తే మాత్రం రెండుసార్లు చదువుతావని అవ్వ చెప్పింది. అందుకే ఇక ఇట్లాగే.

సంగతేమిటంటే, నాకు లర్నింగ్ లైసెన్స్ వచ్చింది. ఆన్‌లైన్‌లో స్లాట్ తీసుకొని, ఆధార్ కార్డు, పదో తరగతి మెమో పట్టుకొని ఆర్టీవో ఆఫీసుకు వెళ్లాను. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి రోడ్డు గుర్తుల మీద ప్రశ్నలు అడిగారు. ఇక నెల రోజులు బండికి ఎర్రటి ఎల్ బోర్డు తగిలించి నేర్చుకోవాలి, తర్వాత నడిపి చూపించాలి. బండి మా గదిలో ఉండే మహిమది, ఖానాపూర్ పిల్ల. స్టార్ట్ చేసే ముందు కళ్లు మూసుకొని ప్రార్థన చేస్తుంది. నేను నడుపుతుంటే ఆ ప్రార్థన ఇంకాస్త పొడుగవుతోంది.

ఇప్పుడు నీ సంగతి. మీ షెడ్డు ఆసామి కైలాసం దసరాకు సాంచాలన్నీ తుక్కు కింద అమ్మేస్తున్నాడట కదా. ముప్పై ఏళ్లు ఆ మరమగ్గాల నడుమ నిలబడి నేసిన మనిషివి, తర్వాత ఏం చేస్తావని నాకు ఒకటే ఫికర్. నూలు దుకాణం రాయమల్లు సేటు షెడ్లకు నూలు చేరవేసే మనిషిని వెతుకుతున్నాడని అవ్వ చెప్పింది. లైసెన్స్ ఉన్నవాడినే పెట్టుకుంటాడట. నువ్వు నాకు ఊహ తెలియనప్పటి నుంచి మోపెడ్ నడుపుతున్నావు, లైసెన్స్ మాత్రం లేదు. అడిగితే "సిరిసిల్లల ఎవనికున్నదే" అంటావు. ఎవరికి లేకున్నా నీకు కావాలి బాపూ.

నలభై దాటినవాళ్లకు డాక్టర్ కాగితం కూడా ఉండాలి. కళ్లు, చెవులు చూస్తారు. ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. వినికిడి లేనివాళ్లకు కూడా లైసెన్స్ ఇస్తారు. నేను కౌంటర్ దగ్గర అడిగి తెలుసుకున్నాను. చెవుల డాక్టర్ పరీక్ష చేసి రాసివ్వాలి, బండికి రెండు వైపులా అద్దాలుండాలి, అంతే. ఉన్నది ఉన్నట్టు రాయించు.

జవాబు కోసం రోజూ వాచ్‌మన్ ప్రాణం తీసే నీ బిడ్డ,
మమతారాణి


సిరిసిల్ల,
జూలై 19

ప్రియమైన బిడ్డ మమతకు బాపు దీవెనలు.

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు కాదు, ఒక్కసారే చదివాను. చెవుల ముచ్చట వచ్చేదాకా బాగానే ఉంది.

నా చెవులకేమైంది? సాంచాల మధ్య పనిచేసేవాడు గట్టిగా మాట్లాడతాడు, ఎదుటివాణ్ణి గట్టిగా మాట్లాడమంటాడు. అది అలవాటు, రోగం కాదు. పోగుల మధ్య అటూ ఇటూ ఉరికే నాడె ఒక్కసారి తప్పితే, పోగు ఒకటి తెగితే, సాంచ వైపు చూడకుండానే చెబుతాను. నేల అదురు మారుతుంది, అరికాళ్లకు తెలుస్తుంది. నీ డాక్టర్లలో ఒక్కణ్ణి వచ్చి చెప్పమను చూద్దాం.

ఇక్కడి ఆర్టీవో ఆఫీసు ముందు గొడుగు కింద కూర్చునే ఏజెంటు భూమన్న నీకు తెలుసు. మనిషి నోరు పెద్దగా తెరిచి మాట్లాడతాడు, ఆయన మాట నాకు శుభ్రంగా తెలుస్తుంది. "అంబదాసన్నా, లేనిపోని ముచ్చట ఎందుకెత్తుతవు? అన్ని మంచిగున్నయని రాపిస్త, డాక్టర్ సంతకం గూడ నేనే తెస్త. నువ్వు జర పరేషాన్ గాకు" అన్నాడు. అన్నట్టే తెచ్చాడు. డాక్టర్ ఎవరో నేను చూడలేదు, ఆయనా నన్ను చూడలేదు. ఇద్దరికీ పని తప్పింది.

కంప్యూటర్ పరీక్షలో నా చుట్టూ అందరూ ఇంటర్ పిల్లలే. తాతను చూసినట్టు చూశారు. వాళ్లలో ఇద్దరు ఫెయిల్, నేను పాస్. చీర అంచు డిజైన్ చూసి పోగులు లెక్కపెట్టేవాడికి ఆ బొమ్మలొక లెక్కా? ఇంతకూ నీకు ఎన్ని ప్రశ్నలు తప్పు పోయాయో రాయలేదు. మర్చిపోయావా, మరిపించావా?

అవ్వకు నడుము నొప్పి తగ్గింది, మళ్లీ బీడీల చాట ముందేసుకుంది.

రెండు చెవులూ సలక్షణంగా ఉన్న నీ బాపు,
అంబదాస్


కరీంనగర్,
ఆగస్టు 14

ప్రియమైన కోపిష్టి బాపుకు,

నాలుగు తప్పు పోయాయి. ఇక అడగకు.

నా డ్రైవింగ్ టెస్ట్ అయింది, పాసయ్యాను. నేల మీద ఎనిమిది అంకె గీసి ఉంటుంది, దాని మీద కాలు కింద పెట్టకుండా తిరగాలి. నా కాలు ఒక్కసారి కూడా ఆనలేదు. మహిమ బయట నిలబడి ఎంత ప్రార్థించిందో ఏమో, టెస్ట్ అయ్యాక తనకే నీరసం వచ్చి కూర్చుంది.

ఇది గొప్పకు చెప్పడం లేదు. అక్కడ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఒక పక్కన నిలబడి అన్నీ నోటితోనే చెబుతాడు. ఇండికేటర్ వెయ్, అటు తిరుగు, ఆగు. మనం అటు తిరిగి ఉన్నప్పుడు కూడా చెబుతాడు. నీకు ఎట్లా బాపూ?

నేను ఫోన్‌లో తిన్నావా అని అడిగితే నువ్వు మంగళవారం అంటావు. సిగ్నల్ లేదని పెట్టేస్తావు. అదే ఫోన్ అవ్వ చేతికిస్తే, నాకు జలుబు చేసిందని గొంతు విని చెబుతుంది. ఒక ఫోన్‌కు రెండు సిగ్నళ్లు ఉంటాయా? "మీ బాపుతోని మాట్లాడుడంటే చెవిటోని ముంగట శంఖమూదుడే" అని అవ్వ నవ్వుతూ అంటుంది. నవ్వే అంటుంది గానీ ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మేమిద్దరం నీ ముందు అనలేదు, అంతే.

భూమన్న పెట్టిన కాగితం వెనక్కి తీసుకో. నిజం చెప్పినా లైసెన్స్ వస్తుందని చెబుతున్నాను కదా, మరి అబద్ధం ఎందుకు?

నీ మీద నీకంటే ఎక్కువ ఫికర్ పడే
మమత


సిరిసిల్ల,
ఆగస్టు 28

ప్రియమైన మమతకు,

ఫెయిల్.

ఎనిమిది తిరగడంలో నాకు సాటి వచ్చేవాడు అక్కడ లేడు. మొదటి చుట్టు చూసి పక్కనున్న పిల్లలు చప్పట్లు కొట్టారు. రెండో చుట్టులో ఉండగా పక్క నుంచి ఒక పిల్ల స్కూటీ అదుపు తప్పి నా దారిలోకి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ వెనుక నుంచి "ఆగు, ఆగు" అని అరిచాడట. అక్కడున్నవాళ్లంతా అరిచారట. ఆ పిల్ల కూడా కేక వేసిందట. ఇవన్నీ తర్వాత భూమన్న చెబితే తెలిసినవి. నేను ఆగలేదు. నా బండి తగిలి పిల్ల కింద పడింది. మోకాలు చీరుకుపోయింది, చెయ్యి బెణికింది. నీ వయసే ఉంటుంది.

ఇన్‌స్పెక్టర్ నా ముందుకు వచ్చి, "వినబడ్తలేదా పెద్దమనిషీ?" అన్నాడు.

"వినబడ్తది సార్" అన్నాను.

ఆ పిల్ల నేల మీద కూర్చొని నా ముఖం చూసింది. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి, ఇన్‌స్పెక్టర్ గొంతు దోమ గొంతులా ఉందని అవ్వకు చెప్పాను. నీకు కూడా అదే రాద్దామని కాగితం తీశాను. రాయబుద్ధి కాలేదు. బండి అదురు కాళ్లకు తెలుస్తుంది బిడ్డా. పిల్ల కేక తెలియదు.

మోపెడ్ అమ్మేస్తాను. అవ్వ పక్కన కూర్చొని బీడీలు చుడతాను. రాయమల్లు సేటుకు వేరే మనిషి దొరుకుతాడు. ఇక ఈ ముచ్చట ఎత్తకు.

నీ బాపు


కరీంనగర్,
సెప్టెంబర్ 3

ప్రియమైన బాపుకు,

ఎత్తకుంటే నేను నీ బిడ్డను ఎట్లా అవుతాను?

ముందు ఆ పిల్ల ఇల్లు కనుక్కొని చూసి రా. అవ్వను వెంట తీసుకెళ్లు. ఆ పని కాకుండా మిగతా ఏ ముచ్చటా వద్దు.

తర్వాత దవాఖానకు వెళ్లు. పరీక్ష చేయించుకున్నాక, అన్నీ తెలిసి, నడపలేనని నీకే అనిపిస్తే మోపెడ్ అమ్మెయ్యి, నేను అడ్డం రాను. నడపగలనని అనిపిస్తే ఉన్నది రాసి మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టు. వినబడుతుందని చెప్పి మాత్రం రోడ్డెక్కకు. ఈసారి నీ బండికి తగిలి పడేది ఎవరో, నీ మీదికి వచ్చే లారీ ఏదో. ఆ ఆలోచన వస్తే నాకు అన్నం సహించడం లేదు.

నీకు సిగ్గు ఎందుకో నాకు అర్థం కాదు. తాగి పోగొట్టుకున్నావా, కొట్లాడి పోగొట్టుకున్నావా? ఆ సాంచాల దగ్గర నిలబడి నన్ను చదివించావు. నీ చెవులు ఎక్కడ పోయాయో నాకు తెలుసు. నా బాపుకు వినబడదు అని నేను మహిమకు చెప్పాను, మా మేడమ్‌కు చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఊరుకునేదాన్నీ కాదు.

ఇది రాస్తూ ఏడ్చాను. కాగితం మీద సిరా అలికినచోట చదవడానికి కష్టమైతే అవ్వనడుగు, ఆమెకు నా రాత అలవాటే.

నీ
మమత


సిరిసిల్ల,
దసరా తెల్లారి

ప్రియమైన నా బిడ్డ మమతకు,

పండుగ పూట నువ్వు పరీక్షలని రాలేదు, అవ్వ సగం గారెలు నీ పేరు చెప్పుకుంటూ నాకే పెట్టింది. ఇన్ని రోజులు ఎందుకు రాయలేదంటే, అన్నీ అయ్యాక ఒకేసారి రాద్దామని.

ఆ పిల్ల ఇంటికి వెళ్లాం. చేతికి కట్టు విప్పేశారు. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగితే అవ్వ మోచేత్తో పొడిచింది. "బిడ్డా, నాకు వినబడది. ఆ దినం అబద్ధమాడిన" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదలు. ఆ పిల్ల నాకు ఎదురుగా కూర్చొని, మెల్లగా, "మీకు వినబడకపోతె పోయింది పెద్దనాయినా, నాకైతె బ్రేకెక్కడున్నదో యాదికి రాలే" అంది. అవ్వ నవ్వింది. నాకు నవ్వు రాలేదు గానీ గుండె మీది బరువు దిగింది.

దవాఖానలో చెవులకు డబ్బాల్లాంటివి పెట్టి, చప్పుడు వినబడ్డప్పుడల్లా చెయ్యి ఎత్తమన్నారు. నేను సిద్ధంగా కూర్చున్నాను. ఎప్పుడు మొదలుపెడతారా అని చూస్తున్నాను. డబ్బాలు తీసేసి, పరీక్ష అయిపోయిందన్నారు. బయటికి వచ్చాక అవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "గింత గూడ లేదని నాకన్న చెప్పకపోతివి" అంది. నాకే తెలియదని ఆమెకు ఎట్లా చెప్పేది?

మళ్లీ దరఖాస్తు, మళ్లీ కంప్యూటర్, మళ్లీ నెల రోజులు ఎల్ బోర్డు. ఈసారి భూమన్న గొడుగు కిందికి పోలేదు. మోపెడ్‌కు రెండు పెద్ద అద్దాలు పెట్టించి, వాటిలో చూసి చూసి నడపడం నేర్చుకున్నాను. మొదట్లో మెడ పట్టేసింది. టెస్ట్ రోజు అదే ఇన్‌స్పెక్టర్. నా కాగితం చదివి, ఎదురుగా వచ్చి నిలబడి, జేబులోంచి ఎర్ర రుమాలు తీశాడు. "గిది ఎత్తితే ఆగాలె" అన్నాడు. ఎత్తినప్పుడల్లా ఆగాను. పాస్. పోయేటప్పుడు, "బండెనక రాపిచ్చుకో పెద్దమనిషీ, ఎనక వచ్చేటోనికి తెల్వాలె గదా" అన్నాడు. పెయింటర్‌తో ఎర్ర అక్షరాలతో రాయించాను: "నాకు వినబడదు. హారన్ కొట్టవద్దు. చూసి దాటండి." ఆ రోజు షెడ్డుకు సందుల్లోంచి వెళ్లాను. బండి వెనుక భాగాన్ని గోడకు ఆనించి పెట్టాను. నిజం చెబుతున్నాను, సిగ్గయింది.

మొన్న కైలాసం సాంచాలు బంద్ పెట్టాడు. చివరి బట్ట కోసి, కరెంటు తీసేశాడు. నేల అదురు ఆగడం నా కాళ్లకు తెలిసింది. నా జన్మలో ఆ షెడ్డు నేల అంత చల్లగా ఉండడం ఎరగను. అందరం ఒకరి చేతులు ఒకరం పట్టుకొని మాట్లాడుకుంటున్నాం. ఎవడు ఎటు పోతాడు, ఎవడు ఏం చేస్తాడు. తుక్కు కొనేవాళ్లు గుమ్మంలో నిలబడి మమ్మల్నే వింతగా చూస్తున్నారు. ఒకడు రెండు చెవులూ మూసుకున్నాడు. కైలాసం మా మధ్యకు వచ్చి చేతులూపుతూ, "సాంచాలు బందైనయి గదరా! ఇంక ఎందుకు గంత గట్టిగ ఒర్లుతుండ్రు?" అన్నాడు.

ఆయన పెదవులు చూసి నాకు అర్థమైంది. పక్క సాంచ మొండయ్య కూడా ఆయన పెదవులే చూస్తున్నాడు. అందరూ అవే చూస్తున్నారు. ఒక్కొక్కడే నోరు మూశాడు. ఎవరికి వాళ్లం ఆ చప్పుడు చాటున దాచుకున్నాం బిడ్డా. ఇప్పుడు చప్పుడు పోయింది, అందరం బయట పడ్డాం. ఎవడూ ఎవడి ముఖంలోకి చూడలేదు.

నేను బయటికి వెళ్లి మోపెడ్‌ను షెడ్డు లోపలికి తోసుకొచ్చాను. వెనుక భాగం వాళ్ల వైపు తిప్పాను. చదివారు. మొండయ్యకు చదువు రాదు, పక్కవాణ్ణి గోకితే వాడు చెవి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు. మొండయ్య వచ్చి నా ముఖానికి ఎదురుగా నిలబడ్డాడు. తన చెవి చూపించుకొని, "నాది పదేండ్లాయెనే అంబదాసూ" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, నాకూ తిరిగాయి. తర్వాత అందరూ అడిగింది ఒకటే, "గా పెయింటర్ ఏడుంటడు?"

వాళ్లకు ముందు లైసెన్స్ కావాలని చెప్పాను. పరీక్షలు అయ్యాక నువ్వు వచ్చి స్లాట్లు బుక్ చెయ్యాలి.

సోమవారం నుంచి రాయమల్లు సేటు దగ్గర పని. బండి వెనుక రాసింది ఆయనా చదివాడు, అద్దాలు కదిపి చూశాడు, సరే అన్నాడు. నూలు కోసం అప్పుడప్పుడు కరీంనగర్ కూడా రావాలి. వచ్చే ముందు ఉత్తరం వేస్తాను. మీ హాస్టల్ ముందు రోడ్డు మీద బండ్లు ఎక్కువ, గేటు నేను గుర్తుపట్టకుండా దాటిపోవచ్చు. అప్పుడు బాపూ అని వెనుక నుంచి పిలవకు, నేను పోతూనే ఉంటాను. ఎదురుగా వచ్చి నిలబడు బిడ్డా.

నీ బాపు,
అంబదాస్