పక్కింటి పేరున బీరతీగ

మే 26

పొద్దుటి నుంచి పడమటి గాలి. ఒట్టి గాలి కాదు, మిల్లుల మసి కూడా. ఆరేసిన బట్టలు మళ్లీ పిండాల్సి వచ్చింది. నల్లా ఏడింటికి వచ్చి తొందరగానే పోయింది. బిందెలు, డ్రమ్ము నింపాను. అక్కడితో నా పని అయిపోయింది. వంట అత్త చేస్తుంది. నేను కూర తరిగితే ముక్కలు పెద్దగున్నయ్ అంటుంది. చిన్నగా తరిగితే మెత్తబడతయ్ అంటుంది. చీరలకు స్టోన్ అతికే పనికి పోతానంటే, పెండ్లయి నాలుగు దినాలు కాలే, అప్పుడే బయటికా అన్నది.

ఈ మిల్లుల పేట బమ్రోలిలో మా బిల్డింగు మీద స్లాబు ఖాళీగానే ఉంది. రెండో అంతస్తులో ఒక గదిలో మేము, ఎదురు గదిలో సంతోషక్క వాళ్లు. పైన కూరగాయలు పెడతానని మా ఆయనను అడిగాను. నైట్ పాళీ చేసి వచ్చి సగం నిద్రలో ఉన్నాడు. పెట్టుకో, ఎవరద్దన్నరు అన్నాడు.

ఊరి నుంచి వచ్చిన పిల్ల కాబట్టి నాకు వస్తుందని అందరూ అనుకుంటున్నారు. నాకేం రాదు. నాన్న మగ్గం నేసేవాడు, అమ్మ బీడీలు చేసేది. మాకు గుంట భూమి లేదు. కానీ ఈ ఇంట్లో నేను మొదలుపెట్టిన పని ఒక్కటి కావాలి. ఏదైనా సరే.

జూన్ 4

మా ఆయన డైయింగ్ మిల్లులో దోస్తును అడిగి నీలం డ్రమ్ము తెచ్చాడు. అడ్డంగా కోసి రెండు తొట్లు చేశాడు. పక్క గల్లీలో ఇల్లు కడుతున్నారు. పునాదిలోంచి తీసిన నల్లమట్టి బకెట్లతో పైకి మోశాను. బర్రెల తబేలా నుంచి ఒక సంచి పేడ. నడుము పట్టేసింది. అత్త చూసి, మట్టి మెట్ల మీద రాలుతుంది, ఊడ్వు అన్నది.

జూన్ 9

పాలకూర చల్లాను.

జూన్ 15

మొలిచింది. మా ఆయనను లేపి పైకి తీసుకుపోయాను. చూసి, బాగుంది అని మళ్లీ పడుకున్నాడు.

జూన్ 18

మొత్తం చచ్చిపోయింది. ఆకుల అంచులు కాలినట్టు అయి పడిపోయాయి. మట్టి తీసి చూస్తే డ్రమ్ము అడుగున ఎర్రటి జిగురు. రంగు. కడిగినవా అని ఆయనను అడిగితే, నీళ్లు కొట్టిన అన్నాడు. నీళ్లు కొట్టాడంట.

జూన్ 19

సోడా, ఇసుక వేసి తోమాను. గోళ్లు ఎర్రబడ్డాయి.

జూన్ 24

రాత్రి నుంచి వాన. ఉధ్నా బజారులో బీర విత్తనాల ప్యాకెట్ తెచ్చాను. కొత్త మట్టిలో వేలితో గుంత చేస్తుంటే అత్త మెట్ల తలుపు దగ్గరికి వచ్చి ఏమేస్తున్నవ్ అన్నది. బీర అన్నాను. ఆమె ముఖం మారింది.

మన ఇంటికి బీర ఆనవాయితీ లేదు, అచ్చిరాదు అన్నది. మామ వాళ్ల తాత ఉన్నప్పుడు పెడితే, తీగ పందిరి ఎక్కిన వారంలోనే ఆ తాత పోయిండంట. అప్పటి నుంచి ఈ ఇంటిపేరు ఉన్నవాళ్లు ఎవ్వరూ బీరగింజ నాటలేదంట.

మొన్ననే కదా బీరకాయ పచ్చడి చేసినవ్ అన్నాను. కొనుక్కొని తినచ్చు, పెట్టద్దు అన్నది. ఇది ఊరు కాదు, భూమి కాదు, రంగుల డ్రమ్ము అన్నాను. డ్రమ్ముకు ఇంటిపేరు లేదు, నీకున్నది అన్నది.

మా ఆయన పాళీకి పోతూ, అమ్మతోని ఎందుకు, వంకాయ పెట్టుకో అన్నాడు. నాకు వంకాయ వద్దు. వాళ్లు వద్దన్నాక అసలే వద్దు.

జూన్ 25

ఎదురు గది తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. నిన్నటి మాటలన్నీ సంతోషక్క విన్నది. పొద్దున్నే కొంగు దోపుకుని వచ్చి, మాకు ఆనవాయితీ ఉన్నది, మా అత్తగారింట్ల ఏటా బీర పందిరే, ఇటు తే నేనేస్త అన్నది. నా చేతిలోంచి ప్యాకెట్ తీసుకుని గింజలు తనే వేసింది.

అత్త తలుపు దగ్గర నిలబడి చూసింది. అయితే అది సంతోషి చెట్టు, మనది కాదు, యాదుంచుకో అన్నది. సరే అన్నాను.

నా తొట్టి, నా మట్టి, నా పేడ, నా ప్యాకెట్. పేరుదేముందిలే అనుకున్నాను.

జూలై 2

మొలకలు. పావురాలు ఒకదాన్ని పొడిచి పోయాయి. ఎదురు బిల్డింగు ముసలాయన రోజూ వాటికి జొన్నలు వేస్తాడు. జొన్నలు తిని దాహానికి వచ్చినట్టు నా మొలకల మీదికి వస్తాయి.

జూలై 11

వాన ఆగడం లేదు. తొట్టిలో నల్లమట్టి జిగురు ముద్దలా అయి పైన నీళ్లు నిలిచాయి. ఆకులు పసుపు. అత్త తలుపు దగ్గర నుంచే, తొట్టికి బొక్క పెట్టలేదా అన్నది. పెట్టలేదు. నేను ఫోన్‌లో చూసిన వీడియోలో చెప్పలేదు. సలాక కాల్చి అడుగున గుచ్చు, జర ఇసుక కలుపు అన్నది. ఇంత తెలిసి ముందే ఎందుకు చెప్పలేదన్నాను. నేనేం చెప్తలేను, ఊకె అంటున్న, మంది చెట్టుతో నాకేం పని అన్నది.

సలాక కాల్చి గుచ్చాను. ప్లాస్టిక్ వాసనకు శేఠాణి కింది నుంచి అరిచింది. మా ఇంటి ఓనరు ఆమె. ఏం కాలుస్తున్నారో అని ఎవరెవరినో పిలిచింది.

జూలై 22

మా ఆయన తను పనిచేసే లూమ్స్ దగ్గర నుంచి వేస్ట్ దారం తెచ్చాడు. వాటర్ ట్యాంకు పైపు నుంచి పిట్టగోడ దాకా అల్లి పందిరి చేశాను. పాలిస్టర్ దారం, నున్నగా ఉంటుంది, ముడులు జారిపోతాయి. సంతోషక్క వచ్చి నా ముడులు అన్నీ విప్పింది. నేత మగ్గాల ఇంటి పిల్లవు, ముడి వెయ్యరాదా అన్నది. తను వేసింది. జారలేదు. అది ఇంకా చికాకు.

ఆగస్టు 5

పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి, పొద్దున రాలతాయి. కాయ లేదు. అత్తను అడగలేదు. అడగకుండానే తలుపు దగ్గర నుంచి, అవి మొగపువ్వులు, రాలనీ అన్నది.

ఆగస్టు 12

పువ్వు కింద వేలంత కాయ. ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టు 20

మొదటి కాయ మూర పొడవు అయింది. రేపు వండుదామనుకున్నాను, నా చేతితో. ముక్క ఎంత తరగాలో నేనే అనుకున్నాను కూడా. నల్లా వచ్చిందని కిందికి పోయాను. తిరిగి పైకి వచ్చేసరికి తొడిమె మాత్రమే ఉంది.

సంతోషక్క కోసింది. సగం వాళ్ల గదిలో, సగం శేఠాణి చేతిలో. శేఠాణి కింద నిలబడి అందరికీ చూపిస్తూ, సంతోషి మేడ మీద తురియా కాయించింది, ఎంత లేతగుందో అంటున్నది. ఇక్కడ బీరకాయను తురియా అంటారు.

నేను సంతోషక్క గుమ్మం దగ్గరికి పోయి, అడగవలసింది కదా అక్కా అన్నాను. పొయ్యి మీది నుంచి చూపు తిప్పలేదు. నా చెట్టు కాయ నేను కోసుకుంటే ఎవరిని అడగాలె అన్నది. నీళ్లు నేను పోశాను అన్నాను. పోసినవ్, మంచిది, ఒక గిన్నెడు కూర పంపిస్త అన్నది. కూర వద్దు అన్నాను. వాళ్లాయన పరుశురాం బావ లోపల అన్నం తింటున్నాడు. ఆడోళ్ల లొల్లి, తలుపెయ్యండ్రి అన్నాడు.

మా గదిలోకి వస్తే అత్త, నేను ముందే చెప్పిన, ఆమె చెట్టు అని అన్నది. మా ఆయన నవ్వాడు. ఇవాళ ఆయనతో కూడా మాట్లాడలేదు.

సాయంత్రం గిన్నెడు కూర వచ్చింది. అత్త, ఆయన తిన్నారు. బాగుందంట.

ఆగస్టు 21

సంతోషక్కతో మాటలు లేవు. నీళ్లు పోశాను.

ఆగస్టు 29

మా ఆయనకు జ్వరం. మూడు పాళీలు పోయాయి. ఒళ్లు కాలుతున్నది. డాక్టరు రక్తం పరీక్ష రాశాడు.

అత్త రాత్రంతా కూర్చున్నది. పొద్దున నన్ను దగ్గరికి పిలిచి, నిజం చెప్పు, ఆ చెట్టు ఎవరిది అన్నది. సంతోషక్కది అన్నాను. గట్టిగ చెప్పు అన్నది. ఎదురు గది తలుపు తీసే ఉంది. సంతోషక్క గుమ్మంలో బియ్యం చెరుగుతున్నది. గట్టిగానే చెప్పాను. చెట్టు సంతోషక్కది, మాది కాదు. ఆమె చేట ఆపలేదు, తల ఎత్తలేదు.

అత్త లేచి పోయి జావ కాచింది.

సెప్టెంబర్ 3

జ్వరం దిగింది. మలేరియా. మందులు ఇంకా ఉన్నాయి.

సెప్టెంబర్ 18

పరుశురాం బావ పనిచేసే కార్ఖానా అమ్మేశారు. లూమ్స్ తుక్కు కింద పోతున్నాయి. వాళ్లు భివండి పోతారంట, అక్కడ ఆయన అన్న ఉన్నాడు. అత్త చెప్పింది.

ఇక చెట్టు నాదే అనుకున్నాను. ముందు అదే అనుకున్నాను, దాచడానికి ఏముంది.

అన్నం తినేటప్పుడు అత్త, వాళ్లు పోయిన్నాడు అది మన మీద పడుతది, ముందే తియ్యాలె అన్నది. ఎవరు పెట్టిండ్రో వాళ్లే పీకాలెనంట, నేను పీకినా తప్పేనంట. తీగ నిండా కాయలున్నాయి. అత్తకు చెప్పమని మా ఆయనను అడిగాను. ఒక బీరకాయ కోసం అమ్మతో లొల్లి పెట్టుకోమంటవా అన్నాడు.

ఒక బీరకాయ అంటాడు.

సెప్టెంబర్ 22

ఇవాళ సంతోషక్కతో మాట్లాడదామని గుమ్మం దాకా పోయాను. ఆమె గిన్నెలు గోనెసంచిలో కుక్కుతున్నది. ఏంది అన్నది. ఏం లేదు అని వచ్చేశాను. నెల నుంచి మాట్లాడని మనిషిని, పీకకు అని ఎట్లా అడగాలి. అడిగితే పీకేస్తుందేమో.

సెప్టెంబర్ 27

ఉక్కపోత. అత్త సాయంత్రం ఎదురు గదికి పోయింది. నేను మా గుమ్మంలో ఉన్నాను. సంతోషీ, పోయేముందు నీ చెట్టు నువ్వే పీకి పో బిడ్డా, మా నెత్తిన పెట్టకు అన్నది.

సంతోషక్క పరుపు చుట్టి మోకాలు పెట్టి తాడు బిగిస్తున్నది. తాడు కొస పంట్లో ఉంది. తీసి, ఎందుకు పీకుతా అత్తా అన్నది. గది ఖాళీ చేస్తున్న గానీ చెట్టు ఖాళీ చేస్తలేను, అది నాది, ఎవ్వరికి ఇచ్చి పోతలేను అన్నది. భివండిల ఉంటే నా చెట్టు కాకుండ పోతదా అన్నది. కాయలు మీరు తినుండ్రి, ముదిరిన కాయ ఒకటి విత్తనానికి నాకు ఉంచుండ్రి అన్నది.

అట్లయితే ఫరక్ లేదు, ఒకరి చెట్టును మనమెందుకు ఎండబెట్టాలె అన్నది అత్త. గదిలోకి వచ్చి పొయ్యి వెలిగించింది.

సంతోషక్క నా వైపు చూసి, నీళ్లు పొయ్యి, ఎండబెడితే ఫోన్ల తిడుత అన్నది. సరే అన్నాను. నా కోసం అన్నదో, నిజంగానే తనది అనుకుంటున్నదో తెలియదు. అడగలేదు. తాడు రెండో కొస పట్టుకున్నాను. నువ్వు కట్టకు, జారుతది అన్నది.

సెప్టెంబర్ 29

వాన లేదు. టెంపో ఆరింటికి వచ్చింది. పరుశురాం బావ డ్రైవర్ పక్కన, సంతోషక్క, పిల్లలు వెనక సామాన్ల మీద. ఏడింటికి పోయారు.