మ్యాట్ కింద ఎరుపు

శనివారం, రాత్రి

నిద్ర పట్టేలా లేదు. పదిహేనేళ్ల మా తెల్లకారుకి ఎర్రరంగు వేయించాలని నా కోరిక. దాచిన నలభై వేలూ రంగుకే అని నేను, ఇంజిన్‌కే అని మా ఆయన, ఆటోనగర్ దాకా వాదించుకుంటూనే వెళ్లాం. పెయింటర్ మస్తాన్ గారు రంగు మాటే ఎత్తకుండా, వెనక సీటు దగ్గర మ్యాట్ లేపారు. రేకు చిల్లులు పడి కింద రోడ్డు కనిపించింది.

"చేపలు మోశారా అమ్మా?" అన్నారు.

ఆరేళ్లుగా బందరు నుంచి అమ్మకానికి చేపల ఐసు పెట్టెలు ఇందులోనే తెస్తున్నాం. ప్రతి శుక్రవారం బయటంతా కడిగి, బొట్టు పెట్టి, దండ వేశానే గానీ ఒక్కనాడూ మ్యాట్ ఎత్తలేదు. ఉప్పునీళ్లన్నీ అక్కడే నిలిచాయి.

అడుగు రేకు మారిస్తే పైరంగుకీ, ఇంజిన్‌కీ ఏమీ మిగలదు. నా మొహం చూసి మస్తాన్ గారే అన్నారు: "కొత్త రేక్కి తుప్పు పట్టకుండా ఎలాగూ పెయింట్ కొట్టాలమ్మా. ఏ రంగు కొట్టమంటారు?"

"కనపడని దానికి ఏదైతే ఏంటండీ," అన్నారు మా ఆయన.

ఎరుపే చెప్పాను. బుధవారం ఇస్తారట. అప్పటిదాకా చేపలు ఎలా తేవాలో ఇంకా ఆలోచించలేదు.

ఇక ప్రతి శుక్రవారం మ్యాట్ ఎత్తుతాను. తుప్పు చూడ్డానికని మా ఆయనతో చెప్తాను.