సగం భుజం

ఏమండీ,

రేపు మీ సంవత్సరీకం. గోడకు పెట్టడానికి మంచి ఫొటో కోసం పొద్దుటినుంచి పాత పేపర్లన్నీ తిరగేశాను. నిజామాబాద్ పోలీసుల్లో కమిషనర్ తర్వాత మీరే. అయినా ప్రతి ఫొటోలోనూ ఆయన నిండుగా ఉన్నారు, మీరు అంచున సగం భుజం మాత్రమే. బోధన్‌లో చెరుకు రైతుల ధర్నా రోజు సాయంత్రం దాకా ఎండలో వాళ్లతో కూర్చుని, లాఠీ లేవకుండా ఒప్పించింది మీరు. ఆ ఫొటోలోనూ అంతే. అప్పుడు నేను కోప్పడితే, "రెండోటోని పని నిలబడుడే, కనబడుడు కాదు" అని నవ్వారు.

మధ్యాహ్నం మిమ్మల్ని తలుచుకుని సిరికొండ నుంచి కానిస్టేబుల్ లక్ష్మి వచ్చింది. నా అవస్థ చూసి, ఫోన్‌లో తన పెళ్లి ఫొటో తీసి చూపించింది.

"నాలుగు రోజులు లీవడిగితే సారు వారం ఇచ్చిండు మేడం. పెళ్లికొచ్చి గీ పక్కకు నిలబడుతుంటే మేమిద్దరం పట్టుకొని నడుమకు గుంజినం."

అందులో మీరు రెండు భుజాలతో, నవ్వుతూ ఉన్నారు.

ఆ ఫొటోనే స్టూడియోలో ఇచ్చాను. "పక్కన పెళ్లికొడుకును, పెళ్లికూతురును తీసేయాల్నా అమ్మా?" అని అడిగాడతను.

ఎవరినీ కత్తిరించొద్దన్నాను.