గుల్బర్గా నుంచి తిరుపతికి విమానంలో

అక్కా,

నువ్వు పోయాక నీ తాండూరు ఇంటికి వచ్చిన రెండో భార్యను నేను. నిన్నెన్నడూ చూడలేదు. మొన్న ఆయన నన్ను విమానం ఎక్కించాడు. నువ్వుంటే నీకు దక్కాల్సిన ప్రయాణం కదా, నీకే చెప్పాలనిపించింది.

మా వికారాబాద్ నుంచి తాండూరుకు రైల్లో రావడమే నాకు పెద్ద ప్రయాణం. గుల్బర్గాలో ఆ చిన్న విమానం పైకి లేవగానే భయమేసి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ఫికర్ చెయ్యకు. బస్సుల అయితే రాత్రంతా పోవాలె. గిదైతే గంట, గంటంబావుల తిరుపతిల దిగుతం" అన్నాడు. రెక్క దగ్గరి సీట్లో కుదుపులు తక్కువని కూడా చెప్పాడు.

"గివన్నీ మీకెట్ల తెలుసు?" అని అడిగాను మురిసిపోతూ.

"ఆమె అడుగుతుండె. డాబా మీద బట్టలు ఆరేస్తుంటే విమానం కనవడితె చాలు, ఏ ఊరికి పోతది, తిరుపతికైతే ఎంతసేపు పడ్తది అని. గందుకే కనుక్కున్న."

మబ్బులు చూడబుద్ధి కాలేదు. నాతో చెప్పిన ముచ్చటంతా నీ కోసం నేర్చుకున్నదేనని కడుపు మండిపోయింది అక్కా.

"ఆమె అడగని ఊరికి నన్ను తీసుకపోండ్రి" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. "సరే, యాడికి పోదామో నువ్వే చెప్పు" అన్నాడు.

ఆ మాట నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. విమానం దిగేదాకా ఆలోచించినా ఒక్క ఊరి పేరూ తట్టలేదు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. దొరికినా నీకు మాత్రం చెప్పను.