ఎంగిలాకుల ఎరువు

తిరుపతి,
ఆదివారం.

నాయన గారికి,

మీ చిన్న కూతురు కామాక్షి నమస్కారాలు. నేనిక్కడ ఆరోగ్యంగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఎర్రావు ఈనిందా? అన్నీ వివరంగా వ్రాయండి.

కంట్రోలు బియ్యంలో రాళ్లు ఏరుకోవడం అలవాటైంది. కొండ పక్కనే ఉన్నా గాలి ఆడదు. సాయంత్రాలు గదిలో ఒక్కదాన్నే కూర్చుంటే అమ్మ కలిపే రాగి సంగటి గుర్తొస్తుంది. అయినా దిగులేమీ లేదు, బాగానే ఉన్నాను.

బయల్దేరిన రోజు, "నిన్ను సదివించింది ఊరి సెత్త కాడ కూసునేదానికా?" అన్నారు మీరు. ఆ మాటే నిజమైంది. మునిసిపాలిటీ గుమాస్తానైనా వారంలో మూడు రోజులు చెత్తదిబ్బ దగ్గరే నా పని.

నేను వచ్చేసరికే దిబ్బ నిండవచ్చింది. సత్రాల నుంచి ఎంగిలి విస్తళ్లు బండ్లకు బండ్లు వస్తాయి. యుద్ధం వల్ల లారీకి పెట్రోలు లేదు కాబట్టి దూరంగా ఇంకో దిబ్బ పెట్టలేరు. నిండితే పక్కనున్న మునెమ్మ చేను తీసుకుంటారు. వీధులూడ్చే మునెమ్మకు మొగుడు లేడు, ఉన్నది ఆ అరెకరమే.

నాకు మన ఎరువుగుంట గుర్తొచ్చింది. చెత్తను వేరు చేయించాను. రాళ్లూ పెంకులూ రోడ్డు గుంటలకు పోతున్నాయి. ఆకును కందకాల్లో పరిచి, పేడనీళ్లు చల్లి, జానెడు మట్టి కప్పిస్తున్నాను, అచ్చం మీలాగే. మాగిన ఎరువును రైతులు తోలుకుపోతే అదే కందకం మళ్లీ పనికొస్తుంది. అట్లా జరిగినంత కాలం దిబ్బ నిండదు. మా ఆఫీసరు ఒప్పుకున్నారు. ఉగాదికి కందకాలు ఖాళీ కాకుంటే మాత్రం చేను తీసుకోక తప్పదన్నారు.

ఎరువు మాగింది, తోలుకుపోయేవాళ్లే లేరు. మొన్న పూలతోటల చెంగల్రాయప్పను పిలిపిస్తే ఆమడ దూరంలోనే నిలబడ్డాడు.

"ఎవరెవరో తిని పారేసిన ఎంగిలాకులమ్మా ఇవి. వీటికి పూసిన పూలు సామికెట్ల ఇచ్చేది?"

"నీ ఎద్దు పేడ సేన్లో ఏస్తావు గదప్పా," అంది మునెమ్మ. "అది మటుకు తినకుండానే ఏసిందా?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. నా వైపు తిరిగి, "మీ నాయన సేద్యగాడేనంట గదా. ఆయప్ప ఏస్తాడా తన సేన్లో?" అన్నాడు.

"ఎప్పుడో వేసినాడు," అనేశాను.

"అట్లయితే నేనూ తోలుకుంటా. వచ్చే వారం ఎద్దుల కోసం మీ ఊరు కార్వేటినగరమే పోతాండా. ఆయప్పను అడిగే వస్తా."

నాయనా, అది అబద్ధం. మీరు ఎంగిలి ముట్టరని నాకు తెలుసు. ఈ ఉత్తరంతో పాటు వెంకటమామ చేతికి చిన్న మూటలో ఆ ఎరువు ఇచ్చాను. నలిపి వాసన చూడండి. ఆకు ముక్క తగిలితే నా పని సరిలేదని వ్రాయండి, మళ్లీ మాగబెడతాను. మనసొప్పితే అమ్మ పూజకు పూలు కోసే నందివర్ధనం మొదట్లో వేయండి. ఒప్పకపోతే, మీ కూతురు అబద్ధమాడిందని చెంగల్రాయప్పకు చెప్పేయండి. నాకోసం మీ నియమం తప్పవద్దు. మునెమ్మకు నేనే చెప్పుకుంటాను.

అవ్వకు దండాలు చెప్పండి. అమ్మను ఎండలో తిరగవద్దనండి. నా మీద కోపమున్నా నన్ను దీవించండి. ఎరువు వేస్తే ఆ చెట్టు పువ్వొకటి కవర్లో పెట్టి పంపండి, చాలు. ఇంకేమీ వ్రాయకపోయినా సరే.

మీ బిడ్డ,
కామాక్షి